పలికినది అందరికీ వినబడిందా?

మల్టీకాస్ట్ ప్రోగ్రాములలో దోషాన్వేషణ: ప్లాటినం జూబిలీ సభా ప్రసంగ పాఠం

పూర్వ విద్యార్థులలో కంప్యూటరు వృత్తిలో ఉన్నవారు పలువురు. ఆ విద్య నేర్వగోరే పిల్లలు అంతకంటె ఎక్కువ. ఉభయులకూ ఉపకరించే ఒక చిన్న విషయం నేటి ప్రసంగానికి స్వీకరించబడింది.

పాఠశాలలో ఒక వార్త పిల్లలకు చేరడానికి మూడు మార్గాలున్నాయి. అటెండరు నోటీసు పుస్తకం చేతపట్టుకొని తరగతి తరగతికీ తిరగడం మొదటిది. ప్రార్థన వేళ మైకులో ప్రకటించడం రెండవది. ఇందులో ఆ వార్తతో సంబంధం లేనివారు సైతం వినక తప్పదు. స్కౌట్ దళంలో పేరు నమోదు చేసుకున్న వారిని మాత్రమే ఒకచోట చేర్చి ఒక్కసారి చెప్పడం మూడవది. కంప్యూటర్ల భాషలో ఈ మూడింటికీ వరుసగా యూనికాస్ట్, బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ అని పేర్లు. నలభై యంత్రాలకు ఒకే పాఠం పంపవలసి వస్తే మొదటి పద్ధతిలో నలభై ప్రతులు బయలుదేరాలి. మూడవ పద్ధతిలో ఒక్క ప్రతి చాలు. దారి చీలిన చోటనే అది రెండవుతుంది.

ఈ పద్ధతికి ఆద్యుడు స్టీవ్ డీరింగ్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన కృషి 1989 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 1112 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. 224.0.0.0 నుండి 239.255.255.255 వరకు గల చిరునామాలు ఇట్టి బృందాలకే ప్రత్యేకించబడ్డాయి. ఇవి ఏ ఒక్క యంత్రానికీ చెందవు. ఆ సంఖ్యతో నడిచే బృందంలో ఎవరు చేరితే వారికి సందేశం అందుతుంది. 1992 మార్చిలో శాన్ డియాగో నగరంలో జరిగిన ఇంటర్నెట్ నిపుణుల సమావేశాన్ని మూడు ఖండాలలోని 20 స్థలాలవారు ఈ పద్ధతిలోనే కూర్చున్నచోటనుండి విన్నారు.

దీని వలని ప్రయోజనం ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. వరుసగా ఒక్కొక్కరికి చెప్పే పద్ధతిలో ముందున్నవాడు ముందు వింటాడు, చివరివాడు చివర వింటాడు. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ధరల సమాచారం ఒకప్పుడు బ్రోకర్లకు ఇట్లు విడివిడిగా చేరడం వలన కలిగిన చిక్కును సెబీ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో విస్తరించి చర్చించింది. ఆ సమాచారానికి తరువాత మల్టీకాస్ట్ పద్ధతి వచ్చింది. అందరికీ ఒకేసారి వినిపించడం సమానత్వానికి సంబంధించిన విషయం కూడానని దీనివలన తెలుస్తున్నది.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపమున్నది. పలికినవాడికి ఎవరు విన్నారో తెలియదు. ఉత్తరం అందినట్లు రసీదు రాదు. అందకపోతే ఫిర్యాదు కూడా రాదు. పంపిన యంత్రం తెరపై అంతా సవ్యంగానే కనబడుతుంది. వినవలసిన యంత్రం మాత్రం మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనానికి కారణం వెదకడమే ఈ విద్యలోని అసలు పరీక్ష.

ఒక పాఠశాలలోని కంప్యూటరు గదిని ఊహించుకోవాలి. కొన్ని యంత్రాలలో విండోస్, కొన్నింటిలో లైనక్స్, ఎవరో పూర్వ విద్యార్థి బహూకరించిన ఒకదానిలో మాక్ ఉన్నాయి. ఉపాధ్యాయుడు పుట తిప్పగానే పిల్లలందరి తెరలపై అదే పుట రావాలని ఒక విద్యార్థి ప్రోగ్రాము వ్రాశాడు. విండోస్ యంత్రాలపై అది చక్కగా పనిచేసింది. లైనక్స్ వరుసలోని పిల్లల తెరలు మాత్రం మారలేదు. ఆ పిల్లలు తమకే ఏదో రాలేదనుకొని ఊరకున్నారు. ఉపాధ్యాయుడు వారు శ్రద్ధ పెట్టడంలేదని అనుకున్నాడు. నిజానికి దోషం పిల్లలదీ కాదు, యంత్రాలదీ కాదు.

ఈ వైచిత్రికి మూలం చరిత్రలో ఉన్నది. రెండు యంత్రాలు మాటలాడుకునే ద్వారమైన సాకెట్ అనేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బర్క్‌లీ యూనిక్స్‌లో 1983లో ప్రచారానికి వచ్చింది. విండోస్ కోసం విన్‌సాక్ అనే పేర దాని రూపాంతరం 1993లో స్థిరపడింది. లైనక్స్ తన మార్గాన తాను పెరిగింది. మాటలు అవే నిలిచాయి, అర్థచ్ఛాయలు మారాయి. తెలుగువారికి ఇది వింత కాదు. "రేపు అప్పను వెంటబెట్టుకొని రా" అని ఉపాధ్యాయిని చెబితే, ఉత్తరాంధ్ర పలుకుబడి గల ఇంటి పిల్లవాడు అక్కను తీసుకొని వస్తాడు. హోసూరు ప్రాంతపు పిల్లవాడు తండ్రిని తీసుకొని వస్తాడు. ఇద్దరూ ఆజ్ఞను పాటించినవారే.

యంత్రాల విషయంలో ఇట్టి తేడాలు ముఖ్యంగా అయిదు.

మొదటిది, ద్వారాన్ని ఏ చిరునామాకు కట్టాలనేది. దీనిని బైండ్ అంటారు. లైనక్స్‌లో నేరుగా బృందపు చిరునామాకే కట్టవచ్చు. విండోస్‌లో అట్లా చేస్తే 10049 అనే దోషసంఖ్య వస్తుంది. విండోస్‌లో యంత్రపు సొంత చిరునామాకు కట్టినా బృంద సందేశాలు అందుతాయి. లైనక్స్‌లో అట్లా కడితే అవి అందవు. దోషసంఖ్య కూడా రాదు. పై కథలోని పిల్లలకు జరిగిన అన్యాయం ఇదే. ఏ చిరునామాకైనా సరే అని కట్టడం రెండుచోట్లా పనిచేస్తుంది. అయితే లైనక్స్‌లో అట్లా కట్టిన ద్వారానికి, అదే యంత్రంలో మరొక ప్రోగ్రాము చేరిన బృందపు సందేశాలు సైతం, పోర్టు సంఖ్య ఒకటే అయితే, వచ్చిపడతాయి. దీనిని ఆపడానికి ఐపీ మల్టీకాస్ట్ ఆల్ అనే సదుపాయం 2009లో 2.6.31 ప్రతిలో చేర్చబడింది.

రెండవది, ప్రతిధ్వని. పంపినవాడికి తన మాట తిరిగి వినబడాలా వద్దా అన్నది ఐపీ మల్టీకాస్ట్ లూప్ అనే ఎంపిక నిర్ణయిస్తుంది. యూనిక్స్, లైనక్స్ సంప్రదాయంలో దీనిని పంపే ద్వారానికి చెప్పాలి. విండోస్‌లో వినే ద్వారానికి చెప్పాలి. ఒకే యంత్రంపై రెండు ప్రోగ్రాములను పరీక్షించేవారు ఇక్కడనే తికమకపడతారు.

మూడవది, ఒకే పోర్టును ఇద్దరు పంచుకోవడం. విండోస్‌లోను, లైనక్స్‌లోను రీయూజ్ అడ్రస్ అనే అనుమతి సరిపోతుంది. మాక్‌లోను, ఇతర బర్క్‌లీ సంతతి యంత్రాలలోను ఏ చిరునామాకైనా సరే అని కట్టిన రెండు ద్వారాలు ఒకే పోర్టును పంచుకోవాలంటే రీయూజ్ పోర్ట్ అనే అనుమతి కావాలి. బైండ్‌కు పూర్వమే ఈ అనుమతి కోరాలి. తరువాత కోరిన ప్రయోజనం లేదు.

నాలుగవది, ఎంపికల సంఖ్యలు. బృందంలో చేర్చుకొమ్మనే ఆదేశానికి విన్‌సాక్ మొదటి ప్రతిలో 5, రెండవ ప్రతిలో 12, లైనక్స్‌లో 35. పేరు వ్రాస్తే సరిపోతుంది గాని, పాత శీర్షిక పత్రం చేర్చి కొత్త గ్రంథాలయంతో జతచేస్తే పేరు ఒకటి, పని ఒకటి అవుతుంది. పాత పుస్తకంలో ప్రతిధ్వనిని సూచించే 4, కొత్త పుస్తకంలో సాధారణ సందేశపు ఆయుష్షును సూచిస్తుంది. విలువ కొలతలోను తేడా ఉన్నది. సొలారిస్ వంటివి ఆయుష్షు విలువను ఒక్క బైటులో అడుగుతాయి. విండోస్ నాలుగు బైట్లలో అడుగుతుంది. లైనక్స్ రెండింటినీ అంగీకరిస్తుంది.

అయిదవది, ఏ దారి అన్నది. ఒక యంత్రానికి తీగ దారి, వైఫై దారి రెండూ ఉండవచ్చు. దారి పేరు చెప్పకుండా చేరితే ఏది ఎంచుకోవాలో యంత్రమే నిర్ణయిస్తుంది. వైఫై ద్వారా పేరు నమోదు చేసుకొని తీగ వద్ద చెవి ఒగ్గితే వినబడదు. చేరేటప్పుడూ, పంపేటప్పుడూ దారి స్పష్టంగా చెప్పడమే శ్రేయస్కరం.

ఇవి యంత్రం లోపలి కారణాలు. దారి మధ్యలోని కారణాలు మరికొన్ని. సందేశానికి ఆయుష్షు సాధారణంగా 1 మాత్రమే. పెంచకపోతే అది మొదటి రౌటరును దాటదు. బృందంలో ఎవరున్నారని విచారించే యంత్రం లేనిచోట, స్విచ్చి ఆ బృందపు పేర్ల పట్టికను కొంతసేపటికి చెరిపివేస్తుంది. ప్రమాణం ప్రకారం ఆ గడువు 260 సెకన్లు. "నాలుగు నిమిషాలు పనిచేసి ఆగిపోతున్నది" అని ఎవరైనా అంటే ముందుగా చూడవలసినది ఇదే. వైఫైలో బృంద సందేశాలకు అందిన గుర్తింపు లేదు, మరల పంపడమూ లేదు. కనుక అక్కడ కొన్ని జారిపోవడం సహజం. ఫైర్‌వాల్ అనే కాపలాదారుకు చెప్పి ఉంచాలన్నది మరువరాదు.

ఇన్ని కారణాలున్నప్పుడు ఒకేసారి నాలుగు మార్పులు చేయడం అనుభవం లేనివారి లక్షణం. అప్పుడు పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు. క్రమం ఇది. సందేశం బయలుదేరిందా? టీసీపీడంప్ లేదా వైర్‌షార్క్ సాధనంతో పంపే యంత్రం వద్దనే చూడాలి. వినే యంత్రం చేరిందా? లైనక్స్, మాక్‌లలో నెట్‌స్టాట్ ఆదేశానికి జి అనే గుర్తు చేర్చి అడిగితే, విండోస్‌లో నెట్‌ష్ ద్వారా జాయిన్స్ చూపమంటే, ఏ దారిలో ఏ బృందంలో పేరున్నదో కనబడుతుంది. సందేశం ఆ యంత్రపు గుమ్మం దాకా వచ్చిందా? రాకపోతే దోషం దారిలో ఉన్నది. వచ్చినా ప్రోగ్రాముకు అందకపోతే దోషం ఫైర్‌వాల్‌లోనో, బైండ్‌లోనో, లైనక్స్‌లో వచ్చిన దారి సరియైనదా అని పరిశీలించే ఆర్పీ ఫిల్టర్‌లోనో ఉన్నది. ఒక జాగ్రత్త: ఈ సాధనాలు నడిచేటప్పుడు యంత్రం తనవి కాని సందేశాలను కూడా లోనికి రానిస్తుంది. కనుక సాధనం తెరచినప్పుడు పనిచేసి, మూసినప్పుడు ఆగిపోతే, యంత్రం బృందంలో సరిగా చేరలేదని అనుమానించాలి.

ఈ పరిశోధనలో కనుగొనదగిన నీతి పిల్లలకంటె ముందు పెద్దలకు చెందినది. దోషసంఖ్య చూపించే యంత్రం సహాయం చేస్తున్న యంత్రం. దానిని సరిదిద్దడం తేలిక. మౌనంగా ఉన్నదే కష్టం. తరగతిలోనూ అంతే. "తెలియలేదు" అని లేచి నిలబడే బిడ్డకు సమాధానం దొరుకుతుంది. ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష, బడిలో తెలుగు పలికే చోట, చివరి వరుసలో తలవంచుకొని కూర్చున్న బిడ్డకు దొరకదు. చెప్పామన్న తృప్తి చెప్పినవారికే మిగులుతుంది. ఆ బిడ్డ వద్దకు పోయి, ఏ దారిన చెవి ఒగ్గుతున్నాడో, ఏ మాటను ఏ అర్థంలో తీసుకున్నాడో విచారించాలి.

ఈ పాఠశాల 75 సంవత్సరాలుగా తెలుగు మాటను వినిపిస్తున్నది. ఎందరికి వినబడిందని ప్రతి తరంలోనూ మరల మరల అడుగుతూ ఉండడమే దాని ధర్మం. కంప్యూటరు విద్య నేర్చే పిల్లలు కూడా, పంపడంతో పని ముగిసిందని భావించక, అందిందా అని విచారించే అలవాటును ఇప్పటినుండే అభ్యసించుదురు గాక. స్వస్తి.