ఇండక్షన్ పొయ్యి పోయిందా, మనమే పోగొట్టామా?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి మా పిన్ని ఫోను చేసింది. "అమ్మాయ్, ఎసరు సగం కాగిందో లేదో, పొయ్యి టప్పుమని ఆగిపోయిందే! కలిపిన పిండి కలిపినట్టే ఉంది. ఇప్పుడేం చెయ్యను?" అంది. ఫాల్గుణం వెళ్లగానే పిన్ని బియ్యప్పిండి వడియాలు పెట్టి అమ్ముతుంది. ఆ రెండు నెలల రాబడితోనే ఏడాది పొడుగునా ఆవిడ మందుల ఖర్చు గడవాలి. గాలికి గ్యాసు మంట నిలవదని వసారాలో ఇండక్షన్ పొయ్యి పెట్టుకుని, తెల్లవారకముందే గంజి కాస్తుంది. పొయ్యి ఆగితే మనకు కాఫీ ఆలస్యమవుతుంది, అంతే. ఆవిడకు ఆ రోజు ఎండ వృథా, పిండి వృథా.

దగ్గర్లో ఉన్న ఒకాయన విప్పి ఫ్యూజు మార్చాడు. స్విచ్చి వేయగానే అదీ పోయింది. "ఇంక దీని పని అయిపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడట. పిన్నికి మనసొప్పక పొయ్యిని సంచిలో పెట్టుకుని రైలెక్కి ఏలూరు వచ్చేసింది. ఇద్దరం పవర్‌పేట వైపు ఒక చిన్న షాపుకి తీసుకెళ్లాం.

అక్కడి కుర్రవాడు అడుగు మూత తీసేసరికి నాకు సిగ్గేసింది. గాలి పీల్చుకునే ఫ్యాను నిండా బియ్యప్పిండి, తేమకు ముద్దగట్టి ఉంది. మధ్యలో బొద్దింక రెక్కలు! "ఫ్యూజు ఊరికే పోదమ్మా. వెనకాల ఏదో కాలితేనే అది పోతుంది" అన్నాడతను.

ఆ మాట అర్థం కావాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి. ఈ పొయ్యిలో మంటా లేదు, ఎర్రగా కాగే తీగా లేదు. అద్దం కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలోకి కరెంటును సెకనుకు 20 వేల సార్లకు పైగా అటూ ఇటూ మళ్లిస్తే అయస్కాంత శక్తి పుట్టి, గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకే అయస్కాంతం అంటుకోని అల్యూమినియం తపేలా దీనిమీద పనికిరాదు. అలా కరెంటును మళ్లించే పని ఐజీబీటీ అనే గోళ్లంత ముక్కది. పాపం, దాని వేడి దానిదే. దాన్ని చల్లబరిచేది ఆ చిన్న ఫ్యానే. ఫ్యానుకు ఊపిరాడకపోతే ఆ ముక్క కాలుతుంది. అది కాలితే ఫ్యూజు పోతుంది. కాలిన ముక్కను అలాగే ఉంచి ఫ్యూజు మారిస్తే, మళ్లీ పోక ఏమవుతుంది?

కుర్రవాడు ఐజీబీటీ, ఫ్యూజు, ఫ్యాను మార్చి, లోపలంతా శుభ్రం చేశాడు. కొత్త పొయ్యి ధరలో పావు వంతు కూడా కాలేదు. తరువాత పిన్నిని నిలదీసి అడిగాడు, పొయ్యి కింద ఏం వేస్తారు, ఎంత నీళ్లు పెడతారు, ఎలా ఆపుతారు అని. పొయ్యి మాయకుండా కింద పాత దుప్పటి ముక్క వేస్తుందట. గాలి దారి దానితోనే మూసుకుపోయింది. పక్కనే కూర్చుని పిండి జల్లిస్తుందట. గంజి దించగానే, కరెంటు దండగని గోడ స్విచ్చి కట్టేస్తుందట. మనలో చాలామందిమి చేసేదే ఇది. పొయ్యి ఆపాక కూడా ఫ్యాను తిరుగుతూ ఉంటుంది కదా, అది దానంతటది ఆగేదాకా స్విచ్చి ముట్టుకోకూడదు.

ఇక నీళ్ల సంగతి. 10 లీటర్ల నీళ్లు మరగాలంటే 2000 వాట్ల పొయ్యికి కూడా అరగంట పైన పడుతుంది. తరువాత గంజి చిక్కబడేదాకా మరికొంతసేపు. అంతసేపూ దాన్ని పూర్తి వేడి మీద పరుగెత్తిస్తున్నామన్నమాట. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఈ మాట విని నవ్వాడు. వాడు ఇంట్లో బీరు కాస్తాడట! అక్కడ 1979 నుంచి సొంతానికి కాచుకోవడం చట్టసమ్మతమే లెండి, ఇక్కడైతే నేరం. 19 లీటర్ల బార్లీ కషాయం 1800 వాట్ల పొయ్యి మీద మరగడానికే గంట దాటుతుందట, ఆ పైన ఇంకో గంట మరిగించాలట. వాడి పొయ్యీ ఇలాగే పోయిందట. వాడు కాచేది ఏదైనా కానీండి, పొయ్యికి వచ్చిన జబ్బు మాత్రం పిన్ని పొయ్యిదే.

ప్లగ్గు సంగతి కూడా చూసుకోండి. 2000 వాట్లంటే దాదాపు 9 యాంపియర్లు. ఫ్యానుకీ రేడియోకీ పెట్టే చిన్న ప్లగ్గు 6 యాంపియర్లకే. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో గుచ్చితే వైరు మెత్తబడుతుంది. పెద్ద పవర్ ప్లగ్గులోనే పెట్టాలి.

అలాగని ప్రతి పొయ్యినీ బాగుచేయించమని కాదు. ఆకివీడులో మా వదినగారి పొయ్యి మీద సత్తుగుండిగ జారిపడి అద్దం బీటవేసింది. "సన్నటి గీతే కదా" అని ఆవిడ వారం రోజులు వాడారు. ఒకనాడు పప్పు పొంగి ఆ గీతలోంచి కిందికి దిగింది. అద్దం పగిలిన పొయ్యి షాకు కొట్టవచ్చు, ఆ క్షణమే ప్లగ్గు తీసేయాలి. లోపలి బోర్డు నల్లబడినా, ఒకసారి మార్చిన ముక్కే మళ్లీ కాలినా, రిపేరు కొత్తదాని ధరలో సగం దాటినా నేనైతే కొత్తదే కొంటాను. వదినగారికీ అదే చెప్పాను. కోపం వచ్చిందనుకోండి, అయినా కొన్నారు.

గ్యారంటీ గడువులో ఉంటే బయట విప్పించకండి. కంపెనీ వాళ్లు చెయ్యకపోతే 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పుకోవచ్చు. మీరు మాత్రం స్క్రూడ్రైవరు పట్టుకోవద్దు. ప్లగ్గు తీసినా లోపల 300 వోల్టులకు పైగా కరెంటు కాసేపు నిలిచి ఉండవచ్చు.

పిన్ని ఇప్పుడు 5 లీటర్ల చొప్పున రెండు విడతలుగా ఎసరు పెడుతోంది. మధ్యలో పొయ్యికి పావుగంట విశ్రాంతి. దుప్పటి ముక్క తీసి నాపరాయి వేసింది. పిండి జల్లించడం పెరట్లోకి మార్చింది. ఈ ఏడు అదే పొయ్యి మీద కాచిన వడియాలు ఒక డబ్బా నాకూ పంపింది. కారం మాత్రం కొంచెం ఎక్కువైంది.