యంత్రకంపనాలు - వాటి నియంత్రణ
(ప్లాటినం జూబిలీ ఉత్సవ ఉపన్యాస పాఠం)



తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివిన వారందరికీ ‘అనునాదం’ అనే మాట జ్ఞాపకం ఉండే ఉంటుంది. ప్రతి వస్తువుకూ తనదైన ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. బయటి బలం సరిగ్గా ఆ పౌనఃపున్యంతోనే వస్తువును కదిలిస్తే దాని ఊగు అంతకంతకూ పెరిగిపోతుంది. ఊయల ఊపే పిల్లవాడికి ఈ సూత్రం ఏ గురువూ చెప్పనక్కరలేదు. ఊయల వెనుకకు వచ్చి మళ్లీ ముందుకు కదిలే క్షణంలో వేలితో తోసినా చాలునని వాడికి తెలుసు. బడిలో శృతిదండాల ప్రయోగంతో ఆ పాఠం ముగుస్తుంది. పరీక్షలో దానికి రెండు మార్కులు. పిమ్మట చాలామంది ఆ మాటను బడిలోనే వదలి వెళ్తారు.

అయితే ఆ రెండు మార్కుల మాట చుట్టూనే ఒక మహాశాస్త్రం అల్లుకుని ఉన్నది. మన దేశంలో అది వేళ్లూనిన ముఖ్యస్థానాలలో బెంగుళూరు ఒకటి. ఇందుకు కారణం వెదకనక్కరలేదు. 1909లో నెలకొన్న భారతీయ విజ్ఞాన సంస్థ, 1940లో మొదలైన హిందుస్థాన్ విమాన కర్మాగారం, 1953లో వచ్చిన హెచ్.ఎం.టి., 1960లో ఆ నగరానికి చేరిన జాతీయ వైమానిక పరిశోధనశాల, 1962 నాటి కేంద్రీయ యంత్రపరికరాల సంస్థ, ఇవన్నీ వేగంగా తిరిగే వస్తువులతో పనిచేసేవే. తిరిగే వస్తువు ఉన్నచోట కంపనం తప్పదు.

కంపనం ఎక్కువగా ఉన్నదంటే సామాన్యంగా ఎవరికైనా తోచే ఉపాయం ఒక్కటే: యంత్రాన్ని మరింత దిట్టంగా చేయడం, ఇరుసును లావు చేయడం, బోల్టులను గట్టిగా బిగించడం. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఒకప్పుడు అలాగే భావించారు. ఇరుసు ఒకానొక సంధివేగాన్ని చేరితే విపరీతంగా వంగిపోతుందనీ, ఆ వేగాన్ని దాటి నడపడం అసాధ్యమనీ 1869లో రాంకిన్ తేల్చి చెప్పాడు. స్వీడన్ దేశస్థుడైన డి లావల్ ఆ మాటను లెక్కచేయలేదు. ఆయన 1880లలో నిర్మించిన ఆవిరి టర్బైను నిమిషానికి 30,000 చుట్ల వేగంతో తిరిగింది. దానికి ఆయన అమర్చినది లావైన ఇరుసు కాదు, సన్ననిది, వంగగలిగినది. సంధివేగం వద్ద అది కొంతసేపు అల్లాడి, దానిని దాటగానే నిశ్చలంగా నిలిచేది. అలా ఎందుకు జరుగుతున్నదో 1895లో ఫోపుల్, 1919లో జెఫ్‌కాట్ గణితరీత్యా వివరించారు. సంధివేగానికి పైన తిరిగే చక్రం తన జ్యామితీయ కేంద్రం చుట్టూ కాక, గరిమనాభి చుట్టూ తిరగడానికి మొగ్గుచూపుతుంది. కనుకనే అది కుదుటపడుతుంది.

ఇది ఎక్కడో ప్రయోగశాలలో జరిగే వింత కాదు. ఇంట్లో బట్టలు ఉతికే యంత్రాన్ని గమనించండి. నీళ్లు పిండేటప్పుడు డ్రమ్ము వేగం అందుకుంటూ ఉండగా ఒక దశలో యంత్రమంతా గడగడ వణుకుతుంది. వేగం ఇంకా పెరిగాక ఆ వణుకు తగ్గిపోతుంది. ఆగిపోయేటప్పుడు అదే వేగం దగ్గర మళ్లీ ఒకసారి వణుకుతుంది. డి లావల్ ధైర్యం ఇప్పుడు ప్రతి ఇంటి పెరట్లోనూ ఉన్నదన్నమాట.

కంపనానికి మూలకారణాలలో మొదటిది అసమతౌల్యం, అంటే బరువు ఒక పక్కకు మొగ్గి ఉండడం. ఎంత బరువు అన్నదాని కంటే ఎంత వేగం అన్నదే ఇక్కడ ప్రధానం, ఎందుకంటే అపకేంద్రబలం వేగానికి వర్గానుపాతంలో పెరుగుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే చక్రంలో, కేంద్రానికి అరమీటరు దూరాన కేవలం 10 గ్రాముల బరువు అదనంగా ఉన్నదనుకుందాం. అది ఇరుసును సుమారు 50 కిలోల బరువంత బలంతో, సెకనుకు 50 సార్లు, దిక్కు మార్చి మార్చి లాగుతుంది. కారు టైరు మార్చినప్పుడు దుకాణదారు చక్రాన్ని తిప్పి చూసి అంచుకు చిన్న సీసపు ముక్క తగిలించేది ఈ బాధను తప్పించడానికే. టర్బైనుకు చేసేదీ సూత్రరీత్యా అదే పని, కాకపోతే అతి సూక్ష్మంగా చేస్తారు.

లేతు యంత్రం మీద పనిచేసినవారికి మరొక రకం కంపనం పరిచయమే. పనిముట్టు ఒక చుట్టులో లోహం మీద చిన్న అల గీస్తుంది. తరువాతి చుట్టులో ఆ అల మీదుగానే నడుస్తూ మరింత ఎగిరి, మరింత పెద్ద అల గీస్తుంది. ఎవరూ బయటినుండి ఊపడం లేదు, కోత తనను తానే ఊపుకుంటున్నది. వేగం తగ్గించడమే దీనికి మందు అని చాలామంది అనుకుంటారు. కొన్ని సందర్భాలలో వేగం పెంచితేనే అది సద్దుమణుగుతుందని పరిశోధనలో తేలింది. లేతు పీఠాన్ని నేటికీ ఎక్కువగా పోతఇనుముతో చేయడానికి ఒక కారణం కూడా కంపనమే. పోతఇనుములోని గ్రాఫైటు పొరలు కంపనశక్తిని తమలో ఇముడ్చుకుంటాయి. పాఠ్యపుస్తకాలలో ‘అవరుద్ధ కంపనాలు’ అన్నది దీనినే. బయటి బలం చేత కలిగే వాటికి ‘బలాత్కృత కంపనాలు’ అని ఆ పుస్తకాలు పెట్టిన పేరు విని పిల్లలు నవ్వుకుంటారు గాని, ఆ పేరులో తప్పేమీ లేదు.

ఇక తెలుగు ప్రాంతాలకూ బెంగుళూరుకూ ఉమ్మడిగా సంబంధించిన ఒక ముచ్చట చెప్పుకోవాలి. విద్యుత్కేంద్రంలోని ఆవిరి టర్బైను, కరెంటు పౌనఃపున్యం 50 ఉన్నప్పుడు, నిమిషానికి 3,000 చుట్లు, అనగా సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. దానిలోని ప్రతి రెక్క ప్రతి చుట్టులోనూ ఆవిరి ప్రవాహంలోని ఎగుడుదిగుళ్లను తాకుతూ పోతుంది. కనుక దానిమీద పడే దెబ్బలు సెకనుకు 50, 100, 150, ఇలా గుణిజాలుగా ఉంటాయి. రెక్క సహజ పౌనఃపున్యం వీటిలో దేనితోనూ కలవకుండా చూడడం రూపకర్త బాధ్యత. వేగాన్నీ పౌనఃపున్యాన్నీ ఒకే పటం మీద గీసి, గీతలు ఎక్కడ ఖండించుకుంటున్నాయో చూసే పద్ధతిని 1924లో అమెరికాలో కాంప్‌బెల్ ప్రవేశపెట్టాడు. ఆ పటం నేటికీ ఆయన పేరుతోనే చలామణి అవుతున్నది.

ఒక రెక్క సహజ పౌనఃపున్యం 144 అనుకుందాం. మూడవ గుణిజమైన 150కి అది తగినంత దూరంలో ఉన్నది, భయం లేదు. అయితే గ్రిడ్డు పౌనఃపున్యం 50 దగ్గర నిలవక 48కి జారితే? 48ని మూడుతో గుణిస్తే సరిగ్గా 144. రెక్క మారలేదు, టర్బైను మారలేదు, ఆపరేటరు తప్పూ లేదు. ఊళ్లో పంపుసెట్లూ దీపాలూ ఒక్కసారిగా వెలగడం చేత రెక్క అనునాదంలో పడింది. 1990లలో దక్షిణాది గ్రిడ్డు ఇటువంటి స్థితిలోనే ఉండేది. సాయంకాలం వేళల్లో పౌనఃపున్యం 49కి దిగువన తారాడడం సామాన్యమైన విషయం. ఆ గ్రిడ్డును పర్యవేక్షించే దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం బెంగుళూరులోనే ఉన్నది. 2003 జనవరిలో దక్షిణాదిన కొత్త ధరల విధానం అమలులోకి వచ్చి, పౌనఃపున్యం తక్కువగా ఉన్నవేళ అదనంగా వాడుకున్న వారిపై అధికధర పడసాగింది. దానితో పరిస్థితి చక్కబడింది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిశాక మరింత కుదుటపడింది. టర్బైను రెక్కల ఆయుర్దాయాన్ని ఒక టారిఫ్ ఉత్తర్వు కాపాడిందంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది. యంత్రానికి బయట కూడా యంత్రం ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అన్ని యంత్రాలలోనూ కంపన కారణాన్ని తొలగించడం సాధ్యపడదు. హెలికాప్టరునే తీసుకోండి. బెంగుళూరులో రూపొంది 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరిన ధ్రువ్ హెలికాప్టరుకు నాలుగు రెక్కలు. అవి నిమిషానికి మూడు వందలకు పైచిలుకు చుట్లు తిరుగుతాయి. ముందుకు ఎగిరేటప్పుడు ప్రతి రెక్కా ఒక పక్క గాలికి ఎదురువెళ్తూ, మరొక పక్క గాలితోపాటు వెళ్తూ ఉంటుంది. కనుక ప్రతి చుట్టుకూ నాలుగు కుదుపులు, సెకనుకు సుమారు ఇరవై కుదుపులు పుట్టి తీరుతాయి. వీటిని ఆపాలంటే ఎగరడమే మానాలి. కాబట్టి గేరుబాక్సుకూ, మనుషులు కూర్చునే భాగానికీ నడుమ ప్రతి-అనునాద విభాజకాలు అమర్చారు. వాటిలో స్ప్రింగుతోపాటు కదిలే ద్రవ్యరాశి ఉంటుంది. నిర్దిష్ట పౌనఃపున్యం వద్ద స్ప్రింగు ఒక దిక్కుకు తోస్తే ఆ ద్రవ్యరాశి జడత్వబలం సరిగ్గా ఎదురుదిక్కుకు తోస్తుంది. రెండూ ఒకదానినొకటి హరించుకుంటాయి. పైన రోటరు ఊగుతూనే ఉంటుంది, కింద కూర్చున్నవారికి ఆ ఊగు చాలా మటుకు చేరదు. అనునాదాన్ని శత్రువుగా చూసిన శాస్త్రం, దాని సూత్రాన్నే తిప్పి కట్టి సేవకునిగా నియమించుకున్నది.

అదే నగరంలో సిద్ధమయ్యే ఉపగ్రహాలకు ఇందుకు భిన్నమైన మర్యాద జరుగుతుంది. రాకెట్టు మీద కొన్ని నిమిషాలపాటు పడబోయే కంపనాన్ని తట్టుకుంటాయో లేదో తేల్చడానికి, వాటిని కంపన వేదికకు బిగించి నేలమీదనే పనిగట్టుకుని కుదిపి చూస్తారు. మరమ్మతుకు అవకాశమున్నది ఇక్కడే గదా.

నడుస్తున్న యంత్రాల సంగతికి వస్తే, వైద్యుడు నాడి చూసినట్లు కంపనాన్ని కొలిచి రోగం చెప్పే విద్య ఈనాడు బాగా పెరిగింది. ఎంత క్లిష్టమైన కదలికనైనా సాధారణ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని ఫూరియే 1822లోనే నిరూపణకు పూనుకున్నాడు. ఆ విభజనను కంప్యూటరు చకచకా చేసే పద్ధతిని 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించారు. ఫలితం ఏమిటో చూడండి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే మోటారులో, ఎనిమిది గోళీలున్న బేరింగు బయటి వలయంపై చిన్న పెచ్చు ఊడితే, గోళీలు దానిమీదుగా పోతూ సెకనుకు సుమారు 80 సార్లు టక్కుమనిపిస్తాయి. అసమతౌల్యమైతే 25 దగ్గర పలుకుతుంది. ఇరుసుల అమరిక సరిగా లేకపోతే తరచుగా 50 దగ్గర పలుకుతుంది. యంత్రాన్ని ఆపకుండా, ఒక్క బోల్టు విప్పకుండా, లోపల ఏ భాగానికి జబ్బు చేసిందో బయటినుండి చెప్పవచ్చు.

అయితే ఈ నాడికి కూడా అందని రోగం ఒకటి ఉన్నది. 1993 మార్చి 31న తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్కేంద్రపు మొదటి యూనిట్‌లో, టర్బైను చివరి వరుసలోని రెండు రెక్కలు మూలంలో తెగి ఎగిరిపడ్డాయి. మూడువేల చుట్ల వేగం వద్ద, కేంద్రానికి ఒక మీటరు దూరాన ఒక్క కిలో బరువు ఊడిపోతే కలిగే అసమతౌల్య బలం సుమారు పది టన్నులు. మరి రెండు రెక్కలు పోతే ఏమవుతుందో ఊహించవచ్చు. విపరీతమైన కంపనానికి జనరేటరులోని హైడ్రోజను సీళ్లు చెదిరాయి, నూనెగొట్టాలు పగిలాయి, మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి కేంద్రమంతా సుమారు 17 గంటలపాటు విద్యుత్తు లేకుండా అంధకారంలో మునిగింది. రియాక్టరును వెంటనే ఆపగలిగారు. పిమ్మట సిబ్బంది చేతిదీపాలతో పైకెక్కి, బోరాను ద్రావణాన్ని స్వయంగా విడుదల చేశారు. రేడియోధార్మికత బయటికి పొక్కలేదు. రెక్కమూలంలో పగులు చాలాకాలం నిశ్శబ్దంగా పెరుగుతుంది. ఇరుసు మీది కొలతసాధనాలకు దాని జాడ దాదాపుగా తెలియదు. తెలిసే నాటికి రెక్క ఊడి ఉంటుంది.

కనుక వినడమొక్కటే చాలదు, ముందుగా లెక్కించడం కూడా కావాలి. ఈ రంగంలో ప్రపంచఖ్యాతి గడించిన తెలుగువారు ఆచార్య జె.ఎస్. రావు గారు. ఖరగ్‌పూర్, ఢిల్లీ ఐ.ఐ.టి.లలో బోధించి, పిదప బెంగుళూరులోని ఆల్టెయిర్ సంస్థలో ముఖ్య విజ్ఞానాధికారిగా పనిచేశారు. 1983లో తిరిగే ఇరుసుల గతిశాస్త్రంపై, 1991లో టర్బైను రెక్కల కంపనాలపై ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. 2011లో వచ్చిన గ్రంథంలో తిరిగే యంత్రాల చరిత్రను ప్రాచీనకాలంనుండి చెప్పుకొచ్చారు. ఆవిరి టర్బైను చివరి వరుస రెక్క విరగడాన్ని పగుళ్ల యాంత్రికశాస్త్రంతో పరిశీలించిన ఆయన వ్యాసం 1998లో అచ్చయింది. రెక్క విరిగిందా లేదా అని కాక, అది ఇంకెన్నాళ్లు నిలుస్తుందని అడగడం ఆ మార్గపు ప్రత్యేకత. యంత్రం మొదలుపెట్టిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ రెక్క ఎన్నిసార్లు అనునాదాన్ని దాటింది, దాటిన ప్రతిసారీ మూలంలో ఎంత ఒత్తిడి పుట్టింది, అందువల్ల ఆయుర్దాయంలో ఎంత భాగం ఖర్చయింది అన్నది బ్యాంకు ఖాతావలె లెక్కకట్టడమే ఆ విధానం.

ఆ లెక్కకు కావలసిన అంకెలలో అన్నిటికంటే అంతుచిక్కనిది అవరోధం. రెక్క మూలం గాడిలో ఎంత బిగువుగా కూర్చున్నది, రాపిడి ఎంత, ఉష్ణోగ్రత ఎంత అనే వాటినిబట్టి అది మారిపోతుంది. అవరోధం సగమైతే అనునాదంలో ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది. ఒత్తిడి రెట్టింపైతే ఆయుర్దాయం సగం కాదు, ఎన్నో రెట్లు పడిపోతుంది. అందువల్ల కంప్యూటరు చెప్పిన ఆయుర్దాయాన్ని నేటికీ అంచనాగానే తీసుకుంటారు. నిర్ణీతకాలానికి టర్బైనును ఆపి, పైకప్పు ఎత్తి, రెక్కల మూలాలకు రంగుద్రవం పూసి, అయస్కాంతపు పొడి చల్లి, సన్నని గీత ఏదైనా కనబడుతుందేమోనని ఒక్కొక్క రెక్కనే వంగి చూస్తారు.