ఎర్రమందు లెక్క మన చేతిలో ఉందా?

(అరసవల్లిలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. మన ఆడవాళ్ళ ఆసుపత్రి కాగితాలు చదివిపెడుతూ, తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకున్నదే చెబుతున్నాను.

రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ స్త్రీలు చాలామంది మందు పేరు చెప్పలేరు గానీ "ఎర్ర సెలైను ఎక్కించారు" అంటారు. అది డాక్సోరూబిసిన్. క్యాన్సర్‌ని చంపే ఆ మందే గుండె కండరాన్నీ దెబ్బతీయగలదు. అన్ని విడతల్లో ఎక్కించినదంతా కలిపి మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఎడమ రొమ్ము వైపు రేడియేషన్ కూడా ఇచ్చి ఉంటే మరింత. ఇది ఏళ్ళ తర్వాత, ఇంట్లో అందరూ క్యాన్సర్ సంగతి మరిచిపోయాక, ఆయాసంగా బయటపడవచ్చు. క్యాన్సర్ గుండెకే పాకడం కూడా ఉంది, కానీ అది అరుదు.

ఆయాసమని చెప్పిన ఆడమనిషికి దొరికే జవాబులు మనకు తెలిసినవే: రక్తం తక్కువ, ముట్లుడిగే వయసు, ఊరికే బెంగ. కాళ్ళు వాస్తే, ఉద్దానం ఉన్న ప్రాంతం కదా, కిడ్నీ అంటారు. కిడ్నీ పరీక్ష చేయించాల్సిందే. గుండె మాటేమిటని కూడా అడగాలి.

ఎకో పరీక్షకి సూది లేదు, నొప్పి లేదు. గుండె తనలో నిండిన రక్తంలో నూటికి ఎంత బయటికి నెడుతోందో చెబుతుంది. అది 50 కంటే తగ్గితే డాక్టరు పట్టించుకోవాలి. ట్రాస్టుజుమాబ్ తీసుకునేవాళ్ళకి ముందొకసారి, తర్వాత మూడు నెలలకోసారి ఎకో చేయాలని 2022లో యూరప్ గుండె వైద్యుల సంఘం చెప్పింది. ముందే పట్టుకుంటే మందులతో కోలుకునే అవకాశం ఎక్కువ.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదింటి స్త్రీకి కీమో అందింది. చిన్న సంగతి కాదది. కానీ వైద్యం విశాఖలో, ఆయాసం ఇక్కడ. ఇక్కడి డాక్టరుకి మందు పేరు, మొత్తం మోతాదు, రేడియేషన్ ఏ వైపు ఇచ్చారో తెలియాలి. ఈమధ్య ఒకావిడ ఫైలు చూశాను. బిల్లులన్నీ ఉన్నాయి, మోతాదు లేదు! అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఎవరో దయతలిచి ఇచ్చేవి కావవి. ఆ కాగితాలు భర్త బీరువాలో కాదు, ఆమె దగ్గరే ఉండాలి.

ఆరోగ్యం కోసం సూర్యనారాయణస్వామికి మొక్కుకునే ఊరిది. మొక్కు తీర్చుకోండి, ఎవరు వద్దన్నారు? రథసప్తమి క్యూకి తోడొచ్చే ఇంటివాళ్ళు ఎకోకీ తోడు రావాలి.

సభ అయ్యాక అర్జీలు రాయడానికి ఇక్కడే కూర్చుంటాం. ఆసుపత్రి పేరు, చేరిన సంవత్సరం గుర్తుంటే చాలు. పాత చీటీలు ఉంటే అవీ తెచ్చుకోండి.