కుక్కను తాడుతో పట్టుకుని సముద్రానికి వెళ్దాం
(ఆటోనగర్‌లో మన యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాడేరు, అరకు, చింతపల్లి కొండల నుంచి దిగి వచ్చి మనం ఈ ఆటోనగర్ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని బతుకుతున్నాం. వారమంతా లేత్ మిషన్ల దగ్గర, వెల్డింగ్ షెడ్లలో, లారీ బాడీలు కట్టే చోట పని. ఆదివారం వస్తే కాలు గదిలో నిలవదు. గాలాలు సర్దుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న కుక్కను వెంటబెట్టుకుని గంగవరం వైపో, అప్పికొండ తీరానికో పోతాం. ఈ రోజు ఆ సరదా గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

చేపలు పట్టడం మనకు కొత్త కాదు. 1909లో అచ్చయిన గ్రంథంలో ఎడ్గార్ థర్‌స్టన్ బగతల గురించి రాస్తూ, పొడవాటి ఈటెతో మంచినీటి చేపలు పట్టడంలో వాళ్లు నేర్పరులన్నాడు. దసరా నాడు వాళ్లు చేపల బుట్టలకు పూజ చేస్తారని 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక చెప్పింది. అంటే గాలం పట్టుకున్న చెయ్యి మన తాతల చెయ్యే. కానీ గెడ్డ వేరు, సముద్రం వేరు. గెడ్డలో ఈత వచ్చినంత మాత్రాన కెరటాన్ని నమ్మకూడదు. ఎక్కడ లాగుడు ఉందో, ఏ రాయి మీద నిలబడకూడదో అక్కడి మత్స్యకార పెద్దలను అడిగాకే నీళ్లలో కాలు పెట్టాలి.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెబుతాం. ఒక ఫిబ్రవరిలో తెల్లవారుజామునే తీరానికి వెళ్లి, కుక్కను వదిలేసి గాలాలు వేసుకుంటూ కూర్చున్నాం. కవళ్లు, కానాగంతలు పడతాయేమోనని మా చూపంతా నీళ్ల మీదే. వెనక్కి తిరిగేసరికి కుక్క ఇసుక తవ్వేసింది. చుట్టూ తెల్లటి గుడ్ల పెంకులు. అది సముద్ర తాబేలు గూడు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "మీ కొండల్లో గుడ్ల మీదున్న కోడిని కుక్కకు వదిలేస్తారేటి నాయినా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తెలుసుకున్నాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర్లో రాత్రిపూట ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో ఇంచుమించు 100 గుడ్లు. తల్లి వాటిని ఇసుకతో కప్పి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, నీటి మీది వెలుగును చూసి సముద్రం వైపు పాకుతాయి. మన టార్చిలైట్లు, సెల్‌ఫోన్ వెలుగులు వాటికి దారి తప్పిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకు, వాటి గుడ్లకు రక్షణ ఇచ్చింది. గుడ్లు పాడుచేయడం కూడా ఆ చట్టం కింద వేటే. అటవీ శాఖ గుడ్లను ఏరి, కంచె వేసిన చోట పొదిగిస్తోంది.

అందుకని కుక్కను ఇంట్లో వదిలేయమని మేం చెప్పడం లేదు. ఊరికి దూరంగా ఉన్నప్పుడు ఊరి వాసన ఉన్న తోడు అదొక్కటే. తాడు కట్టండి. రేబిస్ టీకా వేయించండి. చీకట్లో, తెల్లవారుజామున తడి ఇసుక మీదే నడిపించండి. గూడు కనబడితే ముట్టకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. తెగిన గాలపు తీగ, కొక్కెం ఒడ్డున పారేయకండి. గద్ద కాలికీ, పీతకీ, రేపు మన కుక్క నోటికీ అదే ఉచ్చు.

చివరిగా ఒక్క మాట. మనం అడవికి వెళ్తే వేట అంటాం. మత్స్యకారులు సముద్రానికి వెళ్తే దాన్నీ వేటనే అంటారు. మన కొండల్లో ఇటుకల పండక్కి వేటకు బయలుదేరేది చైత్రంలో. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టుకోవాలని. ఆపడం కూడా వేటలో భాగమే. ఆ మాట మనకు కొండ మీద తెలుసు. తీరానికి దిగాక మరిచిపోకూడదు.

ఈసారి అప్పికొండ వెళ్లేటప్పుడు గాలంతో పాటు ఒక తాడు కూడా సంచిలో పెట్టుకోండి.