గురుగులను మాత్రమే



గురుగులు పెరికితే గోధుమలు కూడా ఊడివస్తాయని ఉపమానంలోని యజమాని భయపడ్డాడు. వరిలో ఊదగడ్డి తీసిన మన కొడవలూరు రైతులకు ఆ భయం తెలుసు. మరి ఒంట్లోని బాక్టీరియాను చంపే మందు మన కణాన్ని ఎలా వదిలేస్తుంది?

చాలా బాక్టీరియాలకు చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మన కణానికి గోడే లేదు. పెన్సిలిన్ ఆ గోడను సరిగా కట్టుకోనివ్వదు. నీరు చొరబడి బాక్టీరియా పగిలిపోతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించిన కాలంలో, మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ దొరికింది. 1948లో లోకానికి తెలిసింది. దానిది వేరే దారి. బాక్టీరియా మాంసకృత్తులు తయారుచేసుకునే రైబోజోములను అడ్డుకుంటుంది. మనకూ రైబోజోములున్నాయి గాని వాటి నిర్మాణం వేరు.

జలుబు తెచ్చే వైరస్‌కు ఆ గోడా లేదు, సొంత రైబోజోములూ లేవు. ఇక మందు దేన్ని పట్టుకుంటుంది? ఇది తెలిసీ, ఒకసారి జలుబుకు మందుల షాపులో అడిగి కొని మింగినవాణ్ణి నేను. జలుబు తగ్గలేదు. కడుపులో మనకు మేలుచేసే బాక్టీరియా మాత్రం దెబ్బతిన్నది. మూడు రోజులు విరేచనాలు. ఆ ఆదివారం ప్రసంగం సంఘపెద్దగారే చేయవలసి వచ్చింది.