అందరూ ఒక్కసారే వచ్చినప్పుడు

 

ఈ సదస్సులో విద్యుత్తుకు ఒక గది, మొబైల్ సమాచారానికి ఒక గది, రోడ్డు రవాణాకు ఒక గది ఇచ్చారు. మూడు గదుల్లో చదవబోయే పత్రాల సారాంశాలూ చూశాను. విషయాలు వేరైనా చాలా పత్రాల అడుగున ఒకే నమ్మకం ఉంది: అందరూ ఒకేసారి రారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ నమ్మకం గురించే.

కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ప్రచురించాడు. ఊళ్లో ఎన్ని ఫోన్లున్నా అన్నీ ఒకే క్షణాన మోగవు, ఒకరు ఫోన్ చేయడానికీ ఇంకొకరు చేయడానికీ సంబంధం ఉండదు, కాబట్టి ఇన్ని లైన్లుంటే నూటికి ఎన్ని కాల్స్ కలవకుండా పోతాయో ముందే లెక్క కట్టవచ్చు. సెల్ టవర్‌కు ఎన్ని ఛానళ్లు కావాలో తేల్చడానికి తర్వాతి తరాలూ ఆ సూత్రాన్నే పట్టుకున్నాయి. విద్యుత్తువాళ్లు ఇదే ఆలోచనను డైవర్సిటీ ఫ్యాక్టర్ అంటారు. కాలనీలోని ఇళ్లన్నిటి కనెక్టెడ్ లోడ్ కూడి అంత ట్రాన్స్‌ఫార్మర్ ఎవరూ పెట్టరు. రోడ్డువాళ్లు ఏడాదిలో అన్నిటికన్నా రద్దీ అయిన గంటకు కాక, ఆ వరసలో ముప్పయ్యో గంటకు డిజైన్ చేస్తారు. వెయ్యిమందిని పెళ్లికి పిలిచి, పంక్తికి రెండు వందల విస్తళ్లు వేసే లెక్క ఇది. ఇలా పొదుపు చేయకపోతే ఏ దేశమూ ఈ మూడు వ్యవస్థలను కట్టుకోగలిగేది కాదు.

కానీ మన దగ్గర జనం ఒకేసారి వస్తారు. వాళ్ల తీరు వల్ల కాదు, మనం కట్టిన వ్యవస్థలే వాళ్లను అలా తీసుకొస్తాయి. ఒక పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. 25 కేవీఏది. దాని కింద నాలుగు బోర్లు, నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు. ఆడుతున్నప్పుడు ఒక్కో మోటారు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, నాలుగూ కలిపి ముప్పై. ట్రాన్స్‌ఫార్మర్ 35 దాకా మోస్తుంది. కాగితం మీద అంతా సరిపోయింది. అయితే త్రీఫేజ్ కరెంటు గంటల లెక్కన వచ్చే రోజుల్లో ప్రతి స్టార్టర్‌కూ రైతు ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాడు, కరెంటు రాగానే నాలుగు మోటార్లూ ఒకే క్షణంలో లేచేవి. బయల్దేరేటప్పుడు మోటారు మామూలుకన్నా ఆరు రెట్లు లాగుతుంది. నాలుగింటికి 180 ఆంపియర్లు! వోల్టేజీ పడిపోతుంది, పడిపోయిన వోల్టేజీకి మోటారు వేగం అందుకోలేక మూలుగుతుంది, మూలిగినంతసేపూ ఆ కరెంటు తగ్గదు. చివరికి ఫీజన్నా పోవాలి, వైండింగ్ అన్నా కాలాలి, ట్రాన్స్‌ఫార్మర్ అన్నా దిగాలి. అర్ధరాత్రి కరెంటు వస్తే చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకో, తడిసిన స్టార్టర్ డబ్బా షాక్‌కో ప్రాణం పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. ఆటో స్టార్టర్ పెట్టుకున్న రైతును తప్పుపట్టే హక్కు మనకు లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. తీసేయమనడం సులువే. స్టార్టర్‌నే బాగుచేయడం పరిశోధకుల పని, ఆ పని చాలినంత జరగలేదని నా అభిప్రాయం.

ఈ చిక్కుకు మందు మొబైల్‌వాళ్ల గదిలో ఎప్పటినుంచో ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రమ్సన్ బృందం దీవుల మధ్య రేడియో నెట్‌వర్క్ నడిపింది. అలోహా అని పేరు. ఇద్దరు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొని చెడిపోతాయి. అప్పుడు ఇద్దరూ మళ్లీ వెంటనే పంపకుండా, ఎవరికి వారు చీటీ తీసినట్టు కొంత వ్యవధి ఎంచుకుని ఆగుతారు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వనక్కర్లేదు. మీ జేబులోని ఫోన్ టవర్‌ను మొదటిసారి పలకరించేటప్పుడు ఇప్పటికీ చేస్తున్నది దాదాపు ఇదే. స్టార్టర్‌లో చిన్న చిప్ పెట్టి, కరెంటు వచ్చాక ఒకటి ఇరవై సెకన్లు, ఇంకొకటి తొంభై సెకన్లు ఆగేటట్టు చేస్తే ఆ 180 ఆంపియర్ల దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్‌కు చాలావరకు తప్పుతుంది. రైతులు ఇప్పటికే సెల్‌ఫోన్‌తో మోటారు ఆన్ చేసే మొబైల్ స్టార్టర్లు కొనుక్కుంటున్నారు. అందులో సిమ్ ఉంది, ప్రాసెసర్ ఉంది. ఇరుగు పొరుగు మోటార్లను కాస్త చూసుకుని లేచే గుణం ఒక్కటీ చేర్చాలి. ఒక ఎం.టెక్ విద్యార్థి ఏడాదిలో చేయగల పని ఇది. ఫలితం ఊరికంతటికీ అందుతుంది.

అందరూ ఒకేసారి అన్నది దేశం మొత్తం మీద ఎలా ఉంటుందో 2020 ఏప్రిల్ 5 రాత్రి చూశాం. కరోనా లాక్‌డౌన్ వేళ ప్రధాని అందరినీ తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమన్నారు. 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేస్తే దాదాపు 31 వేల మెగావాట్లు తగ్గింది. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్య ఊగి నిలబడింది. నిలబెట్టింది జలవిద్యుత్ కేంద్రాలు, లోడ్ డిస్పాచ్ సెంటర్లలో మెలకువగా కూర్చున్న ఇంజనీర్లు. వాళ్లకు ఈ సభ తరఫున కృతజ్ఞతలు చెప్పాలి. అయితే అంచనాకు రెట్టింపును మించి తేడా వచ్చిందంటే, మన ఇళ్లలో ఏ వేళకు ఏది వెలుగుతోందో మనకు కొలతల్లో తెలియదన్నమాట. అది ముందుగా తేదీ, గంట చెప్పి చేసిన పని. సాయంత్రం ఇల్లు చేరి బ్యాటరీ స్కూటర్లను ఛార్జింగ్‌కు పెట్టేవాళ్లు ముందుగా ఎవరికీ చెప్పరు.

మూడు గదుల మధ్య గోడలు ఎంత నష్టం చేస్తాయో హుద్‌హుద్ చెప్పింది. 2014 అక్టోబరు 12న విశాఖ మీద ఆ తుపాను విరుచుకుపడ్డాక స్తంభాలు కూలాయి, కరెంటు పోయింది. టవర్లు బ్యాటరీల మీద కొంతసేపు, జనరేటర్ల మీద ఇంకొంతసేపు నడిచి ఆగాయి. జనరేటర్‌కు డీజిల్ తేవాలంటే రోడ్ల నిండా చెట్లు. చెట్లు కొట్టే ముఠాను ఏ వీధికి పంపాలో చెప్పడానికి ఫోన్ లేదు. లైన్ సిబ్బంది వచ్చినా సబ్‌స్టేషన్ చేరే దారి లేదు. అదే సమయంలో హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి కన్నవాళ్ల క్షేమం కనుక్కోవడానికి బంధువులంతా ఒకేసారి ఫోన్లు. ఎర్లాంగ్ లెక్కకు ఆధారమైన ‘ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అన్న షరతు ఆ రోజు ఎక్కడా లేదు. 2003 సెప్టెంబరులో ఇటలీ చీకటైన ఘటనను తీసుకుని, విద్యుత్తు, ఇంటర్నెట్ వలలు ఒకదాన్నొకటి ఎలా కూల్చగలవో చూపిన పత్రం 2010లో ‘నేచర్’లో వచ్చింది. అందులో రెండు వలలు. విశాఖలో మూడోది, రోడ్డు, కూడా ఉంది. ఆ మూడింటి లెక్క మన తీరం మీద నిలబడి మనమే చేయాలి. తుపాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు, మంచిదే. కానీ ఏ టవర్‌కు ముందు కరెంటు ఇస్తే ఎన్ని ముఠాలకు ఫోన్ అందుతుంది, దానికి ఏ రోడ్డు ముందు తెరవాలి అన్న క్రమం ఏ కేబులూ చెప్పదు.

రోడ్ల గురించి తక్కువే చెబుతాను. సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లను ముప్పయ్యో గంట సూత్రంతో చూడలేం. మన రోడ్ల కొలతలు అమెరికా మాన్యువల్ నుంచి తెచ్చుకోకుండా, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్ఆర్ఐ) ఆధ్వర్యంలో ఇక్కడి ఆటోలు, బైకులు, ట్రాక్టర్లు కలిసి నడిచే తీరును కొలిచి మన సొంత రహదారి సామర్థ్య మాన్యువల్ ఇండో-హెచ్‌సీఎం 2017 తయారుచేసుకున్నాం. పండుగ కొలత కూడా ఇక్కడే తీయాలి. 2023 జులై వానల్లో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలను దశలవారీగా ఇళ్లకు పంపమని కోరారు. అది అలోహా ఉపాయమే. పోలీసులకు తోచింది, మన పత్రాల్లోకి ఇంకా రాలేదు.

మన నేల నుంచి మొదలైన ప్రశ్నకు ప్రపంచం విలువ ఇస్తుందనడానికి సాక్ష్యం ఉంది. పంచాయతీ కేంద్రంలో టవర్ పెడితే చుట్టుపక్కల పల్లెలకూ సిగ్నల్ అందాలి, టవర్‌కూ టవర్‌కూ మధ్య ఆరు కిలోమీటర్లు ఉండాలి అన్న మన అవసరాన్ని 5జీ పరీక్షా ప్రమాణాల్లోకి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ తీసుకుంది. దాని వెనుక ఐఐటీ మద్రాసు, ఐఐటీ హైదరాబాదు పరిశోధకుల శ్రమ ఉంది.

నిర్వాహకులకు ఒక మనవి. రేపు మధ్యాహ్నం మూడు గదులనూ కలిపి ఒకటే సమావేశం పెట్టండి. డిస్కం ఇంజనీర్లు ఒక ఫీడర్‌లో నిమిషానికోసారి తీసిన రీడింగులు, టెలికాంవాళ్లు అదే మండలంలోని టవర్ల రద్దీ, రోడ్లవాళ్లు అదే దారిలోని వాహనాల లెక్క, ఒకే వారానివి, పేర్లూ నంబర్లూ తీసేసి, ఒక బల్ల మీద పెట్టండి. ఏ మండలమో ఈ సభే ఎంచుకోవచ్చు. శ్రీకాకుళం తీరంలోదైతే అక్టోబరు తుపానుల లోపే పని మొదలవుతుంది. ఇక మొదటి పత్రం చదవవలసిందిగా పరిశోధకురాలిని ఆహ్వానిస్తున్నాను.