మన వంటిల్లు ఎరిగిన వైద్యం
(సంఘ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పది మూడేళ్లు రెవిన్యూ శాఖలో గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాడిని. 2004 నుండి చక్కెర వ్యాధితో కాపురం చేస్తున్నవాడిని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ వ్యాధి మందులకు మాత్రమే లొంగేది కాదు. తిండికి, నడకకు, పండుగకు, ఉపవాసానికి కూడా దానితో లంకె ఉన్నది. కనుక మన ఇంటి తీరు అడగని వైద్యం సగం వైద్యమే.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఇంగ్లీషులో ఒక అచ్చు కాగితం చేతికిచ్చారు. ఓట్సు, బ్రౌను బ్రెడ్డు, సలాడు అని ఉన్నది. చదివి చెప్పగా విని మా శ్రీమతి, "ఇందులో మన ఇంట్లో ఉన్నది ఉప్పు ఒక్కటే" అన్నది. ఆ కాగితం క్యాలెండరు మేకుకే వేలాడింది.

తరువాత చూపించుకున్న డాక్టరు గారు "నిన్న పొద్దుట నుండి రాత్రి దాకా ఏమేమి తిన్నారు?" అని అడిగారు. మా శ్రీమతిని కూర్చోబెట్టి వంట కొలతలు తెలుసుకున్నారు. అన్నం మానమనలేదు. మూడో వంతు తగ్గించి, ఆ చోటు తోటకూర పప్పుతో, బీరకాయ కూరతో నింపమన్నారు. రాగి జావ కూడా పిండిపదార్థమే, గ్లాసులకొద్దీ తాగవద్దన్నారు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో నాకు 9.1 ఉన్నది ఆరు నెలలకు 7.4కు దిగింది.

గుడికి వెళ్లవద్దని కూడా అనలేదు. ఈ వ్యాధిలో పాదాలకు స్పర్శ తగ్గవచ్చు, కాలినా తెలియదు. అందుచేత బండలు వేడెక్కక ముందే ప్రదక్షిణలు ముగించి, రాత్రి అరికాళ్లు చూసుకోమన్నారు.

మా ఆఫీసులో పనిచేసిన ముస్లిం మిత్రుని సంగతి చెప్పాలి. "ఉపవాసం వద్దు" అని ఒక్క మాటతో ఆయనను పంపివేశారు. ఆయన మనసొప్పక రోజా ఉన్నారు. మందులు మాత్రం పాత మోతాదే. మూడో రోజు సాయంత్రం చెమటలు పట్టి, మాట తడబడి కూలబడ్డారు. చక్కెర 70కి దిగువకు పడిపోతే ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి. మరుసటి ఏడు వేరొక డాక్టరు రంజానుకు నెల ముందే పిలిచి మోతాదు, వేళలు మార్చారు. రోగికి రోజా నుండి మినహాయింపు ఆ మతంలోనే ఉన్నదని కూడా గుర్తు చేశారు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలుండే మనకూ ఇది వర్తిస్తుంది.

జతపత్రాలు లేని ఫైలు మన ఆఫీసుల్లో ఎలా తిరిగివచ్చేదో మీకు తెలుసు. డాక్టరు వద్దకు కూడా జతపత్రాలతో వెళ్లండి: మూడు రోజుల భోజన వివరం, మందుల చీటీ, రాబోయే పండుగల తేదీలు. వంట చేసేవారిని వెంట తీసుకువెళ్లండి. అర్థం కానిది తెలుగులో చెప్పమని అడగండి. అడగడం అమర్యాద కాదు.

మన సంఘానికి ఒక విజ్ఞప్తి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. అందులో రాగులు, తోటకూర వంటి మన పదార్థాలు ఉన్నాయి. వాటి ఆధారంగా, డాక్టర్ల సలహాతో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక భోజన పట్టిక అచ్చు వేయించి సభ్యులందరికీ పంచవలసిందిగా కోరుతున్నాను.